మగదిక్కు లేనప్పుడే హక్కు: ప్రాచీన హిందూ సమాజంలో స్త్రీ, ఆస్తి

ఋగ్వేదం మొదటి మండలం 124వ సూక్తం ఉషస్సు మీద చెప్పింది. తెల్లవారుజాము వెలుగు బయటపడటాన్ని ఋషి కొన్ని పోలికలతో వర్ణిస్తాడు. అన్నదమ్ములు లేని ఆడపిల్ల మగవాళ్ల వైపు వచ్చినట్టు అనేది ఒకటి, ధనం కోసం గర్తం ఎక్కినదానిలా అనేది ఇంకొకటి. గర్తం ఎక్కడం ఏమిటి? వేదపదాలకు అర్థాలు చెప్పే నిరుక్తం రాసిన యాస్కుడు ఇక్కడ ఒక దక్షిణాది ఆచారం చెబుతాడు. గర్తమంటే జూదసభలో ఉండే దిమ్మె. కొడుకులు లేని, భర్త లేని స్త్రీ దాని మీదికి ఎక్కుతుంది. అక్కడ ఆమెను పాచికలతో కొడతారు. ఆమెకు ఆస్తి దక్కుతుంది.

నాలుగు చిన్న వాక్యాల్లో యాస్కుడు చెప్పిన ఈ సంగతి మన ధర్మశాస్త్రాల్లోని స్త్రీ ఆస్తి కథ మొత్తానికి సరిపోతుంది. ఆమెకు ఆస్తి రావడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే భర్త ఉండకూడదు, కొడుకు ఉండకూడదు. అప్పుడు కూడా నలుగురి మధ్యకు వచ్చి, దెబ్బలు తిని తీసుకోవాలి.

ప్రాచీన భారతంలో స్త్రీ స్థానం మీద ఎప్పుడు చర్చ వచ్చినా రెండు శ్లోకాలు ఎదురెదురుగా నిలబడతాయి. 'యత్ర నార్యస్తు పూజ్యంతే' అని ఒకరంటే, 'న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి' అని రెండోవారు. రెండూ మనుస్మృతిలోవే, ఒకటి మూడో అధ్యాయంలో, ఒకటి తొమ్మిదో అధ్యాయంలో. ఈ పద్ధతిలో వాదన ఎన్నేళ్లు సాగినా తేలదు. పూజకు కొలబద్ద లేదు. ఆస్తికి ఉంది. అది ఎవరిది, ఎవరు అమ్మగలరు, ఆమె పోయాక ఎవరికి పోతుంది అని అడిగితే గ్రంథాలు చాలా స్పష్టంగా జవాబు చెబుతాయి. ఆ జవాబులన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక విషయం కళ్లకు కడుతుంది. స్త్రీకి వచ్చిన హక్కుల్లో ఎక్కువ భాగం మగవాడు లేని ఖాళీలోనే పుట్టాయి. ఆమె కూడా ఒక మనిషి గనుక ఇవ్వాలి అన్న వాదన లేకపోలేదు. అది వినిపించింది, కానీ ఓడిపోయింది.

ఆ వాదన ఎవరిదో కూడా యాస్కుడే చెప్పాడు. నిరుక్తం మూడో అధ్యాయంలో ఆడపిల్లకు వారసత్వం ఉందా లేదా అనే చర్చ మొత్తం నమోదు చేశాడు. ఒక పక్షం వారు కొడుకు, కూతురు అనే తేడా లేకుండా ఇద్దరికీ దాయం, అంటే వారసత్వపు వాటా, ఉందని, సృష్టి మొదట్లో స్వాయంభువ మనువే ఈ మాట అన్నాడని శ్లోకం చూపించారు. రెండో పక్షం వారు మగవాడే దాయాది, స్త్రీ కాదు అన్నారు. వాళ్లు చెప్పిన కారణం గమనించాలి: స్త్రీలను దానం చేస్తారు, అమ్ముతారు, వదిలేస్తారు, మగవాళ్లను అలా చేయరు. దీనికి మొదటి పక్షం దగ్గర గట్టి జవాబే ఉంది. మగవాళ్లనూ అమ్ముతారు, శునఃశేపుడి కథ చూడండి అన్నారు. తండ్రి అజీగర్తుడు నూరు ఆవులకు కొడుకును అమ్మేసిన కథ అది, ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది. ఇక మూడో పక్షం మధ్యేమార్గం చూపింది. అన్నదమ్ములు లేని కూతురికైతే సరే అంది. చివరికి నిలబడింది ఈ మూడో పక్షమే. కూతురు కూతురిగా కాక, కొడుకు బదులుగా ఆస్తిలోకి వచ్చింది. ఆమెకు పుట్టబోయే కొడుకు తాతకు పిండం పెడతాడన్న ఒప్పందంతో చేసే 'పుత్రిక' ఏర్పాటు ఇదే. అందుకే అన్నదమ్ములు లేని పిల్లను చేసుకోవద్దని పెళ్లికొడుకులకు హెచ్చరికలూ వచ్చాయి. చేసుకుంటే పుట్టే కొడుకు మామగారి వంశానికి పోతాడని వాళ్ల భయం.

వేదకాలంలో ఆడవాళ్లు ఋషికలుగా ఉన్నారన్నది నిజం. ఘోష, అపాల, విశ్వవార, లోపాముద్ర పేర్లతో సూక్తాలు ఉన్నాయి. పదో మండలంలోని పెళ్లి సూక్తం కొత్తకోడలిని అత్తమామల మీద సామ్రాజ్ఞివి కమ్మంటుంది. బ్రహ్మవాదినులు, నేరుగా పెళ్లికి వెళ్లే సద్యోవధువులు అని స్త్రీలు రెండు రకాలని, మొదటి రకం వారికి ఉపనయనం, వేదాధ్యయనం ఉన్నాయని ధర్మసూత్రకారుడు హారీతుడు చెప్పాడు. కూతురు పండితురాలు కావాలంటే తల్లిదండ్రులు ఏం వండుకుని తినాలో బృహదారణ్యక ఉపనిషత్తు చెబుతుంది: నువ్వులు కలిపి వండిన అన్నం, నెయ్యి. తర్వాత మనువు నాటికి పెళ్లే ఆడదానికి ఉపనయనం, మొగుడి సేవే గురుకులవాసం, ఇంటిపనే అగ్నికార్యం అయిపోయింది. చదువు సంగతిలో ఇది నేరుగా పతనం. ఆస్తి సంగతి అంత సూటిగా సాగలేదు.

కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహితలో ఒక వాక్యం ఉంది. స్త్రీలు నిరింద్రియలు (ఇంద్రియం, అంటే శక్తి, లేనివారు), దాయానికి తగనివారు అని. సోమయాగంలో దేవపత్నులకు సోమం పట్టే సందర్భంలో వచ్చిన మాట ఇది. ధర్మసూత్రకారుడు బౌధాయనుడు దాన్ని ఆ సందర్భంలోంచి పీకి, స్త్రీలకు ఆస్తి లేదనడానికి వేదప్రమాణంగా చూపించాడు. ఆ తర్వాత వందల ఏళ్లు ఆ ఒక్క వాక్యం ఆడపిల్లల నోరు మూయించడానికి పనికొచ్చింది. విజయనగరం కాలంలో మాధవాచార్యుడు పరాశరస్మృతికి వ్యాఖ్య రాస్తూ దీనికి అడ్డం తిరిగాడు. అక్కడ ఇంద్రియమంటే సోమమే, ఆ పాత్రలోని సోమంలో వాళ్లకు వాటా లేదన్నదే అర్థం, ఇంటి ఆస్తికీ దానికీ సంబంధం లేదన్నాడు. తెలుగునాట ఎక్కువమంది వల్లించే శాఖ తైత్తిరీయమే. వాక్యం నోటికి వచ్చినంతగా దాని సందర్భం ఎవరి చెవికీ ఎక్కలేదు.

అదే శాఖకు చెందిన ఆపస్తంబుడి మాటలు మాత్రం ఈ గ్రంథాల మధ్య వేరుగా వినిపిస్తాయి. భార్యాభర్తల మధ్య పంపకం లేదంటాడు. పాణిగ్రహణం నుంచి కర్మల్లో, పుణ్యఫలంలో, ధనం సంపాదించడంలో ఇద్దరూ కలిసే ఉంటారు. భర్త ఊళ్లో లేనప్పుడు అవసరానికి భార్య ఇచ్చేస్తే దాన్ని దొంగతనం అనరు. శాస్త్రంలో చెప్పని మిగిలిన ధర్మాలను స్త్రీల దగ్గర, అన్ని వర్ణాల వాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నవారు ఉన్నారంటూ తన గ్రంథాన్నే ముగించాడు. ఇంత మంచి మాటలు రాసిన ఆపస్తంబుడి వారసుల జాబితా ఎలా ఉందో చూడండి. కొడుకులు లేకపోతే దగ్గరి సపిండుడు (రక్తబంధువు), అతను లేకపోతే గురువు, గురువు లేకపోతే శిష్యుడు, 'లేదా కూతురు'. భార్య పేరు ఆ వరసలో లేదు. కలిసి సంపాదించిన మనిషి, అతను పోయిన రోజు నుంచి ఆ సంపాదనకు పరాయిది అవుతుంది.

మైత్రేయి కథను అందరూ ఆత్మజ్ఞానం కోసం చదువుతారు. యాజ్ఞవల్క్యుడు ఇల్లు వదిలిపోతూ, నీకూ కాత్యాయనికీ ఆస్తి తేల్చేసి పోతాను అంటాడు. ఆస్తితో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. మహత్తరమైన ప్రశ్నే. కానీ సంభాషణ మొదలైందే ఇద్దరు భార్యల మధ్య పంపకంతో. బతికుండగా భర్త ఇద్దామనుకుంటే ఇవ్వగలడు, అది ఆయన దయ. కాత్యాయని వాటా ఏమైందో ఉపనిషత్తు చెప్పదు. ఆమెది ఆడవాళ్ల తెలివి అని ఒక్క మాట అని వదిలేసింది.

కౌరవసభలో ద్రౌపది అడిగింది కూడా ఆస్తి ప్రశ్నే. ముందు తన్ను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? తనే దాసుడైపోయాక అతనికి సొత్తు ఎక్కడిది, నన్ను పందెం ఎలా పెట్టాడు? న్యాయం తెలిసినవాడికి ఇది రెండు నిమిషాల వ్యవహారం. భీష్ముడికి అది తేలలేదు. సొత్తు లేనివాడు ఇతరుల సొత్తు పందెం పెట్టలేడు, నిజమే, కానీ భార్య భర్త వశంలో ఉంటుందే అని తడబడ్డాడు. భార్య, కొడుకు, దాసుడు ఈ ముగ్గురికీ సొంత ధనం లేదు, వాళ్లు సంపాదించింది వాళ్లు ఎవరివాళ్లో వాళ్లది అని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఉన్న శ్లోకమూ ఈ తడబాటూ ఒకే మూలం లోనివి. కౌరవ సోదరుల్లో ఆమె తరఫున గట్టిగా మాట్లాడింది వికర్ణుడు ఒక్కడే.

పుట్టింటి సొమ్ము

ఇంత చీకటిలోనూ ఒక దీపం ఆరకుండా ఉంది, అది స్త్రీధనం. పెళ్లిలో అగ్ని ముందు ఇచ్చింది, అత్తారింటికి పంపేటప్పుడు ఇచ్చింది, ప్రేమతో ఇచ్చింది, అన్నదమ్ములు, తల్లి, తండ్రి ఇచ్చింది అని మనువు ఆరు రకాలు చెప్పాడు. అరణం, సారె, పసుపుకుంకుమల కింద ఇచ్చే భూమి అని తెలుగిళ్లలో అనుకునేవి ఈ కోవలోవే. ఆమె బతికుండగా దాన్ని కాజేసే చుట్టాలను రాజు దొంగల్లాగే శిక్షించాలని మనువే రాశాడు. నగలు, పుట్టింటివారు ఇచ్చిన ధనం భార్యవే అని కొందరంటారు అని ఆపస్తంబుడూ చెప్పాడు. ఇది కొడుకులకు కాక కూతుళ్లకు పోతుంది. పెళ్లికాని కూతుళ్లకు, పెళ్లయినా నిలదొక్కుకోని కూతుళ్లకు ముందు ఇవ్వాలని ధర్మసూత్రకారుడు గౌతముడు అన్నాడు. అత్తారింట్లో చితికిపోయిన కూతురిని గుర్తుపెట్టుకుని రాసిన ఆ మాటలో మనసుంది.

ఈ విషయంలో అందరికన్నా ముందుకు వెళ్లింది స్మృతికారుడు కాత్యాయనుడు. పుట్టింటివాళ్లో భర్తో ప్రేమతో ఇచ్చిన సౌదాయికం మీద ఆమెకు పూర్తి స్వాతంత్ర్యం ఉంది, అమ్ముకోవచ్చు, దానం చేయవచ్చు, అందులో భూమి ఉంటే దాన్ని కూడా అన్నాడు. భర్త ఇచ్చిన భూమిని మాత్రం మినహాయించారు. భర్త, కొడుకు, తండ్రి, అన్నదమ్ములు ఎవరికీ స్త్రీధనం తీసుకునే హక్కు లేదు, బలవంతంగా తీసుకుంటే వడ్డీతో కట్టాలి. కరువు, ధర్మకార్యం, రోగం, నిర్బంధం వంటి ఆపదల్లో భర్త వాడుకుంటే తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి ఒక మినహాయింపు పెట్టింది. ఆ మినహాయింపు చాటున ఎన్ని ఇళ్లలో గాజులు కరిగిపోయి ఉంటాయో ఊహించవచ్చు.

అదే కాత్యాయనుడు ఇంకో శ్లోకంలో, స్త్రీ తన పనితనంతో సంపాదించిన డబ్బు మీద అధికారం భర్తదే అన్నాడు. ఇతరులు ప్రేమతో ఇచ్చినదీ భర్త చేతి కిందే. అంటే అయినవాళ్లు చేతిలో పెడితే ఆమెది, ఆమె చేతులతో సంపాదిస్తే ఆమెది కాదు. స్త్రీధనం గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ శ్లోకాన్ని దాటేస్తాం. దాటేయకూడదు. ఎందుకంటే పెట్టి పంపడానికి పుట్టింట్లో ఏమైనా ఉన్న ఆడవాళ్లకే స్త్రీధనం. ఏమీ లేనివాళ్లకు ఉన్నది చేతి పనే.

ఆ చేతిపని ఎలా ఉండేదో కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కనిపిస్తుంది. సూత్రాధ్యక్షుడు, అంటే నూలు పని చూసే అధికారి, ఎవరిచేత వడికించాలో చెప్పాడు: వితంతువులు, అంగవైకల్యం ఉన్నవాళ్లు, కన్యలు, సన్యాసినులు, జరిమానా కట్టలేక పనిచేసి తీర్చేవాళ్లు, ముసలివాళ్లయిన రాజదాసీలు, గుడి కొలువు మానుకున్న దేవదాసీలు. గడప దాటని స్త్రీలకు, మొగుడు దూరదేశం పోయినవాళ్లకు దాసీల ద్వారా ఇంటికే పని పంపాలి. తామే వచ్చేవాళ్లు తెల్లవారకముందే నూలుశాలకు వచ్చి నూలు అప్పజెప్పి కూలి తీసుకోవాలి. దీపం నూలు చూడటానికి మాత్రమే. అధికారి ఆమె ముఖం చూసినా, వేరే ముచ్చట పెట్టినా జరిమానా. కూలి ఆలస్యం చేస్తే అంతకన్నా పెద్ద జరిమానా. పనిచోట ఆడవాళ్లకు రక్షణ అన్న ఆలోచన ఇంత వివరంగా రాసిపెట్టిన తొలి గ్రంథాల్లో ఇదొకటి. అదే పేజీలో, కూలి తీసుకుని పని చేయని స్త్రీ వేళ్లు తీయించాలని కూడా ఉంది. ఇక్కడా మొదటి పేరు వితంతువుదే. మగదిక్కు ఉన్న ఇంటి ఆడది వడికిన నూలు లెక్కలోకే రాలేదు, అది ఇంటి పని.

ధనమిత్రుడి భార్య

భర్త పోయాక ఆస్తి ఎవరిదో కాళిదాసు శాకుంతలం ఆరో అంకంలో ఒక కేసు వస్తుంది. సముద్రవ్యాపారి ధనమిత్రుడు ఓడ మునిగి చనిపోయాడు, పిల్లలు లేరు, కనుక అతని సొత్తంతా రాజుకు చెందుతుంది అని మంత్రి కాగితం పంపాడు. దుష్యంతుడు ఆగి, అంత ధనవంతుడికి చాలామంది భార్యలుంటారు, వాళ్లలో ఎవరైనా గర్భవతి ఉందేమో కనుక్కోమన్నాడు. సాకేతపు శ్రేష్ఠి కూతురు ఒకామెకు అప్పుడే పుంసవనం, అంటే గర్భిణికి చేసే సంస్కారం, జరిగిందని తెలిసింది. కడుపులోని బిడ్డకు తండ్రి ఆస్తి చెందుతుంది అని రాజు తీర్పు. రాజు దయగలవాడు, తీర్పు మంచిదే. కానీ కళ్ల ముందు ఉన్న భార్య వారసురాలు కాదు, ఇంకా పుట్టని బిడ్డ వారసుడు. నాటకం చూసే సభకు అందులో వింత ఏమీ కనిపించలేదు.

అలాంటి కాలంలోనే యాజ్ఞవల్క్యస్మృతి 'పత్నీ దుహితరశ్చైవ' అంది. ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయి ఉన్నవాడు కొడుకులు లేకుండా పోతే మొదట భార్య, తర్వాత కూతుళ్లు, ఆ తర్వాతే తల్లిదండ్రులు, అన్నదమ్ములు. ఇది పెద్ద మలుపు. దాయాదుల కన్నా ముందు భార్యను నిలబెట్టింది. అయినా షరతు అదే, కొడుకు ఉండకూడదు.

శాసనాల్లో పెద్దింటి ఆడవాళ్లు ధారాళంగా దానాలు చేస్తూ కనిపిస్తారు. నాసిక్ గుహను భిక్షువులకు ఇచ్చినది శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ, మనవడు పుళుమావి 19వ పాలనా సంవత్సరంలో. నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలు చేసిన చాంతిసిరి, అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి చెల్లెలు. అన్న వైదిక యాగాలు చేస్తే చెల్లెలు బౌద్ధానికి తన పేరున ఇచ్చింది. వాకాటక రాణి ప్రభావతీగుప్త కొడుకులు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు రాజ్యం నడిపి, గ్రామాలు దానం చేసి, తామ్రపత్రాల్లో అత్తారింటిది కాక పుట్టింటి ధారణ గోత్రం రాయించుకుంది. పెళ్లితో గోత్రం మారితీరాలన్న నియమం అందరికీ ఒకేలా లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రభావతి వితంతువు, బాలశ్రీ రాజమాత, నాయనమ్మ. భర్త నీడ తొలగిన వయసులో వాళ్ల చేతికి అధికారం వచ్చింది.

విజ్ఞానేశ్వరుడు తెరిచిన తలుపు

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. స్మృతిలో స్త్రీధనం రకాలు చెప్పి చివర 'మొదలైనవి' అని ఉంది. ఆ 'మొదలైనవి' అన్నదాన్ని పట్టుకుని ఆయన వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో వచ్చింది, స్వాధీనం చేసుకున్నది, దొరికింది అన్నీ స్త్రీధనమే అన్నాడు. స్త్రీకి ఉన్న ధనం స్త్రీధనం, అంతే, అదేదో పరిమితమైన పారిభాషిక పదం కాదు అని తేల్చాడు. బ్రాహ్మణ పండితుడు, రాజాస్థానంలో కూర్చుని, పన్నెండో శతాబ్దం వచ్చేసరికి ఇంత దూరం వచ్చాడు. 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడు కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో దీన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదువు, ఉపనయనం పోయినా, గ్రంథాల్లో ఆస్తి హక్కు మాత్రం పెరుగుతూ వచ్చింది.

ఆ తలుపు మూసింది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, బ్రిటిష్ పాలనలో మన వ్యాజ్యాలకు ఆఖరి అప్పీలు కోర్టు. 1867లో ఒక కాశీ ప్రాంతపు కేసులో, భర్త నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి భార్యకు స్త్రీధనం కాదని తీర్పు చెప్పింది. ఆమె బతికినన్నాళ్లు అనుభవించవచ్చు, ఆమె తర్వాత అది భర్త వారసులకు పోతుంది. 1903లో స్త్రీ నుంచి స్త్రీకి వచ్చిన దానికీ ఇదే వర్తింపజేసింది. మితాక్షరే ప్రమాణం అంటూ మితాక్షరలోని మాటను పక్కనపెట్టిన ఈ తీర్పులే తర్వాత 'హిందూ లా' అయ్యాయి. సంప్రదాయం పేరుతో మన తాతల కాలంలో అమలైన 'జీవితకాలపు హక్కు'ను ఇంత కఠినంగా స్థిరపరిచింది ఈ కోర్టులే. దాన్నంతా మనువు మీద వేయడం ఎంత తప్పో, ప్రాచీనకాలం స్వర్ణయుగమని చెప్పుకోవడం అంతే తప్పు.

దీన్ని తిరగరాసిన వ్యాజ్యం తెలుగునేలదే. నెల్లూరు మున్సిఫ్ కోర్టులో 1944లో తులసమ్మ అనే వితంతువు మనోవర్తి కోసం మరిదిపై దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చారు, కానీ బతికినన్నాళ్లు అనుభవించడానికే. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు ఇచ్చే 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వచ్చాక ఆమె కొంత అమ్మితే మరిది కోర్టుకెక్కాడు. 1977లో సుప్రీంకోర్టు ఆమెకు పూర్తి హక్కు ఉందని చెప్పింది. తీర్పు చెప్పడానికి న్యాయమూర్తులు ప్రాచీన గ్రంథాల్లోకే వెళ్లారు. వితంతువుకు మనోవర్తి ఎవరో దయతో ఇచ్చేది కాదు, శాస్త్రంలో ముందునుంచీ ఉన్న హక్కు, కాబట్టి దానికి బదులు వచ్చిన ఆస్తి ఆమె సొంతమే అన్నారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించి. 2005 కేంద్ర సవరణ ఆ మినహాయింపును తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నదమ్ములు ఉన్నా హక్కు ఉంటుందన్న మాట చట్టంగా నిలవడానికి ఇంతకాలం పట్టింది.

కాత్యాయనుడు చెప్పిన చేతి సంపాదన సంగతి మాత్రం ఇంకా తేలలేదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లలు, భర్త లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది పుట్టింటివైపు వెళుతుంది. ఆమె ఉద్యోగం చేసి సంపాదించింది మాత్రం తల్లిదండ్రుల కన్నా ముందు భర్త వారసులకు పోతుంది. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఆమె పెళ్లయిన మూణ్నెల్లకే భర్తను కోల్పోయింది, అత్తారింటివాళ్లు బయటికి పంపేశారు, పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసి డబ్బు దాచుకుంది. ఆమె పోయాక ఆ డబ్బు అత్తారింటివైపు వారసులకే చెందుతుందని కోర్టు చెప్పింది. సానుభూతితో చట్టానికి అర్థం చెప్పలేమంది.